బిడ్డ పోయాక ఆఫీసు, లీవు, కాగితాలు: ఏది ముందు అడగాలి, ఎలా అడగాలి

ఇది చదువుతున్నది బిడ్డని పోగొట్టుకున్న అమ్మో నాన్నో అయితే ఇక్కడే ఆగి, ఫోను పక్కనున్న అక్కకో అన్నకో ఫ్రెండుకో ఇచ్చేయండి, నిజంగానే చెప్తున్నా. ఇందులో ఉన్న పనుల్లో ముప్పావు వంతు మీరే చేయాలని ఎక్కడా లేదు. సంతకం ఒక్కటే మీది, మిగతా ఫోన్లూ మెయిళ్లూ ఫారాలూ ఇంకెవరైనా చూసుకోవచ్చు. ఆ ఇంకెవరో కోసమే రాస్తున్నా ఇది, ఎందుకంటే మా చెల్లి విషయంలో ఆ ఇంకెవరో నేనే, అప్పుడు నాకు ఒక్క ముక్క తెలీదు.

ఎనిమిదో నెల నిండాక బిడ్డ కడుపులోనే పోయింది. మా మరిది, పాపం, చెల్లి మేనేజర్‌కి ఫోన్ చేసి "డెలివరీ అయింది" అన్నాడు, తర్వాతి మాట నోటికి రాక పెట్టేశాడు. ఆ మేనేజర్ వెంటనే సిస్టమ్‌లో డెలివరీ అని కొట్టేశాడు. మూడో రోజు పొద్దున్నే చెల్లి ఫోనుకి ఆఫీసు పోర్టల్ నుంచి మెసేజ్, చుట్టూ బెలూన్ల బొమ్మలు, కంగ్రాట్స్, మీ బేబీని ఇన్సూరెన్స్‌లో యాడ్ చేయడానికి బర్త్ సర్టిఫికెట్ అప్‌లోడ్ చేయండి అని. ఎవరూ కావాలని పంపింది కాదు, మిషన్ పంపింది. కానీ దాన్ని చూసింది మనిషి కదా. అదే రోజు మధ్యాహ్నం హెచ్ఆర్ నుంచి ఫోను, విషయం తెలిసి చాలా బాధపడుతూనే మాట్లాడింది ఆ అమ్మాయి, బాధపడుతూనే తప్పు చెప్పింది: బేబీ లేదు కాబట్టి మెటర్నిటీ లీవ్ వర్తించదండీ, బెరీవ్‌మెంట్ లీవ్ మూడు రోజులు పెట్టుకోండి, మిగతావి మీ సొంత లీవుల్లోంచి పోతాయి. చెల్లి సరే అండీ అనేసింది, ఆ టైములో కిడ్నీ ఇవ్వమన్నా సరే అనేదే.

చెల్లికి మొత్తం మెటర్నిటీ లీవ్ ఉంది. చట్టంలోనే ఉంది. ఆ సంగతి మాకు తెలిసేసరికి పన్నెండు రోజులు అయిపోయాయి.

మూడు జేబులు

ముందు ఈ ఒక్కటి అర్థమైతే సగం గొడవ తీరిపోతుంది. పిల్లల పేరుతో వచ్చే లీవులు, డబ్బులూ అన్నీ ఒకటే అనుకుంటాం గానీ అవి మూడు వేరు వేరు జేబులు. ఒకటి ప్రసవం లీవ్, అంటే మెటర్నిటీ. ఇది కన్న ఒంటి కోసం ఇచ్చేది, కుట్లు మానడానికి, రక్తం ఆగడానికి, మనిషి నిలబడడానికి. బిడ్డ ఉన్నా లేకపోయినా ఆ ఒళ్లు ప్రసవించిన ఒళ్లే, అందుకే చాలా దేశాల్లో బిడ్డ పోయినా ఇది పోదు. రెండోది పేరెంటల్ లీవ్, బిడ్డని చూసుకోవడానికి ఇచ్చేది, తల్లికీ తండ్రికీ. దీనికి చూసుకోవడానికి బిడ్డ ఉండాలి అని రూలు ఉంటుంది కాబట్టి చాలా చోట్ల బిడ్డ పోయిన రోజుతోనో ఆ వారంతోనో ఆగిపోతుంది. మూడోది బెరీవ్‌మెంట్ లీవ్, మనిషి పోయినందుకు ఇచ్చేది. ఎక్కువ చోట్ల ఇది చిన్నది, రోజుల్లో లెక్క.

ఆఫీసుల్లో జరిగే పొరపాటంతా ఇక్కడే. చావు అనే మాట వినగానే మూడో జేబులో చెయ్యి పెట్టి మూడో అయిదో రోజులు తీసిచ్చేస్తారు, మొదటి జేబు ఒకటి ఉందన్న సంగతి వాళ్లకీ గుర్తు రాదు, మనకీ రాదు. అందుకని అడిగే వరస ఎప్పుడూ ఇలా పెట్టుకోండి: మొదట ప్రసవం లీవ్ ఎంత ఉంది, అది అయ్యాక బెరీవ్‌మెంట్ లీవ్ దానికి అదనంగా కలుస్తుందా, ఆ తర్వాత సిక్ లీవ్, చిట్టచివరికి సొంతంగా దాచుకున్న ఎర్న్‌డ్ లీవ్. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు, ముందు దాచుకున్న లీవులన్నీ ఊడ్చేసి తర్వాత జీతం లేకుండా కూర్చుంటారు. ఇంకా కంగారుపడ్డవాళ్లు మొదటి వారంలోనే రిజైన్ మెయిల్ కొట్టేస్తారు. అది మాత్రం వద్దు. ఉద్యోగం మానేయాలనిపిస్తే మానేయొచ్చు, ఎవరూ కాదనరు, కానీ లీవ్ అంతా వాడుకున్నాక మానేయండి. మెయిల్ వెళ్లిపోయిందంటే ఆ లీవులు, ఆ ఇన్సూరెన్సు అన్నీ దాంతోపాటే పోవచ్చు.

ఎన్ని వారాలు అన్నదే కీలకం

నెలల్లో చెప్పుకోవడం మనకి అలవాటు, చట్టాలకి మాత్రం వారాలు కావాలి. ఎన్నో వారంలో పోయింది అనేదాన్ని బట్టి దాని పేరు మారిపోతుంది, పేరు మారితే లీవ్ మారిపోతుంది. ఆ గీత ఒక్కో చోట ఒక్కోలా గీశారు, చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. కెనడాలో ఎంప్లాయ్‌మెంట్ ఇన్సూరెన్సుకి 20 వారాలు, బ్రిటన్‌లో 24, ఇండియాలో ఈఎస్ఐకి (తక్కువ జీతాల ఉద్యోగులకి ప్రభుత్వం నడిపే బీమా) 26, అదే ఇండియాలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినుల స్పెషల్ లీవుకి 28, యూఏఈలో ఆరు నెలలు. గీతకి ఇవతల ఉంటే గర్భస్రావం, అవతల ఉంటే ప్రసవం. ఇవతలి వాళ్ల దుఃఖం తక్కువనా అంటే దానికి నా దగ్గర జవాబు లేదు, రూలు రాసినవాళ్ల దగ్గరా ఉండదు.

అందుకే హాస్పిటల్ నుంచి బయటికి వచ్చే ముందు డిశ్చార్జ్ సమ్మరీ చేతిలోకి తీసుకుని అక్కడే నిలబడి చదవండి. గర్భం ఎన్ని వారాల ఎన్ని రోజులు అన్నది అంకెల్లో ఉందా, ప్రసవం జరిగిన తారీఖు ఉందా, బిడ్డ పుట్టేసరికే ప్రాణం లేదా లేక పుట్టాక పోయిందా అనేది స్పష్టంగా రాశారా, ఈ మూడూ చూసుకోవాలి. లేకపోతే అప్పుడే అడిగి రాయించుకోండి, నెల తర్వాత వెళ్తే ఆ డాక్టరు ఉండడు, ఉన్న డాక్టరు రాయడు. ఇంకో మాట, డాక్టర్ల భాషలో దానంతట అదే జరిగిన గర్భస్రావాన్ని కూడా స్పాంటేనియస్ అబార్షన్ అనే రాస్తారు. ఆ కాగితం చూసి ఇంట్లో పెద్దవాళ్లు అదేంటి నువ్వు తీయించుకున్నావా అని అడిగిన సందర్భాలున్నాయి, ఆఫీసులో క్లర్కు తప్పుగా అర్థం చేసుకున్నవీ ఉన్నాయి. కంగారు పడకండి, అది వాళ్ల వాడుక. బిడ్డ కడుపులోనే పోతే ఐయూఎఫ్‌డీ అని రాసి వదిలేస్తారు, పక్కన స్టిల్‌బర్త్, అంటే ప్రాణం లేకుండా పుట్టడం, అన్న మాట కూడా ఉంటే హెచ్ఆర్ వాళ్లకి వెతుక్కునే పని తప్పుతుంది.

బిడ్డ పుట్టి ఒక్క నిమిషమైనా ఊపిరి పీల్చిందంటే అది వేరే లెక్క. అప్పుడు జననమూ మరణమూ రెండూ నమోదు కావాలి. ఇండియాలో మామూలు గడువు 21 రోజులు, హాస్పిటల్లో జరిగితే తెలియజేయాల్సిన బాధ్యత హాస్పిటల్‌దే, స్టిల్‌బర్త్‌కి విడిగా ఒక ఫారం ఉంటుంది. రిపోర్టు పంపారా లేదా అని ఒకసారి కనుక్కుని, పంపామంటే ఆ నంబరు రాసుకోండి. గడువు దాటితే చేయరని కాదు, 30 రోజుల దాకా లేట్ ఫీజు, ఆపైన పర్మిషన్లు, సంవత్సరం దాటితే మేజిస్ట్రేట్ ఆర్డరు దాకా వెళ్తుంది, ఆ తిరుగుడు ఇప్పుడు ఎవరికి కావాలి.

ఏ దేశంలో ఏముంది

అన్ని దేశాలూ చెప్పలేను, మనవాళ్లు ఎక్కువగా ఉండే చోట్ల నాకు గట్టిగా తెలిసినవి చెప్తా.

ఇండియాలో ప్రైవేటు ఉద్యోగాలకి మూలం 1961 మెటర్నిటీ బెనిఫిట్ చట్టం, ఇప్పుడు అది 2020 సోషల్ సెక్యూరిటీ కోడ్‌లో కలిసిపోయింది, ఆ కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. 26 వారాలు జీతంతో లీవ్, ప్రసవానికి ముందు 12 నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసుండాలి. బతికున్న పిల్లలు ఇద్దరు అప్పటికే ఉంటే 12 వారాలే. గర్భస్రావం అయితే ఆ మర్నాటి నుంచి 6 వారాలు జీతంతో. ప్రసవం వల్లో గర్భస్రావం వల్లో ఆరోగ్యం దెబ్బతింటే డాక్టరు కాగితం మీద ఇంకో నెల దాకా. 1961 చట్టంలోనే బిడ్డ అనే మాటకి అర్థం రాస్తూ ప్రాణం లేకుండా పుట్టిన బిడ్డ కూడా అని పెట్టారు, అంటే బేబీ లేదు కాబట్టి లీవ్ లేదు అన్న వాదన అరవయ్యేళ్ల కిందటే కొట్టుకుపోయింది. అయినా ఇప్పటికీ చెప్తారు.

ఇంకో తిరకాసు కూడా ఉంది, ఇది జాగ్రత్తగా చదవండి. ఆ చట్టంలో ఒక చోట బిడ్డ చనిపోయిన రోజు వరకే బెనిఫిట్ అన్న వాక్యం కనిపిస్తుంది, కొందరు హెచ్ఆర్ వాళ్లు ఆ ఒక్క లైను స్క్రీన్‌షాట్ తీసి పంపిస్తారు. కానీ పై నుంచి చదువుకుంటూ వస్తే అది తల్లి ప్రసవంలో చనిపోయి, తర్వాత బిడ్డ కూడా చనిపోయిన సందర్భానికి రాసిన లైను. తల్లి బతికుండగా బిడ్డ పోతే తల్లి లీవ్ మధ్యలో కోసేయమని ఎక్కడా లేదు. స్క్రీన్‌షాట్ వస్తే పూర్తి పేరా పంపండి, పైన ఒక్క మాట కూడా రాయక్కర్లేదు.

ఈఎస్ఐ కోతపడే జీతాలవాళ్లకి, అంటే నెలకి 21,000 లోపు, డబ్బు కంపెనీ కాదు ఈఎస్ఐ ఇస్తుంది. 26 వారాలు దాటాక జరిగిన ప్రసవం అయితే బిడ్డ ప్రాణంతో ఉన్నా లేకపోయినా అది కాన్పు కిందే లెక్క, పూర్తి 26 వారాల బెనిఫిట్. 26వ వారం లోపు అయితే గర్భస్రావం, 6 వారాలు. ముందు రెండు కంట్రిబ్యూషన్ పీరియడ్లలో (ఒక్కోటి ఆరు నెలలు) 70 రోజుల కంట్రిబ్యూషన్ ఉండాలి. ఇక్కడే చెప్పా కదా వారాల అంకె కాగితంలో ఉండాలని, 26 వారాల 2 రోజులకీ 25 వారాల 6 రోజులకీ మధ్య తేడా ఇరవై వారాల జీతం.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినులకి 2022 సెప్టెంబర్ 2న వచ్చిన ఆర్డరు ప్రకారం, స్టిల్‌బర్త్ అయినా, పుట్టిన 28 రోజుల లోపు బిడ్డ పోయినా 60 రోజుల స్పెషల్ మెటర్నిటీ లీవ్. అప్పటికే మెటర్నిటీ లీవులో ఉంటే, అప్పటిదాకా అయిన రోజుల్ని మెడికల్ సర్టిఫికెట్ అడక్కుండా మీ ఖాతాలో ఉన్న వేరే లీవుగా మార్చి, బిడ్డ పోయిన రోజు నుంచి ఈ 60 రోజులు ఇస్తారు. బతికున్న పిల్లలు ఇద్దరి కంటే తక్కువ ఉండాలి, ప్రసవం ప్రభుత్వ హాస్పిటల్లోనో సీజీహెచ్ఎస్ (కేంద్ర ఉద్యోగుల ఆరోగ్య పథకం) లిస్టులో ఉన్న ప్రైవేటు హాస్పిటల్లోనో జరగాలి. అర్జెంటుగా లిస్టులో లేని హాస్పిటల్‌కి పరిగెత్తాల్సి వస్తే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ తప్పనిసరి, అది ఆ రోజే అడిగి తీసుకోండి. గర్భిణులకి కేంద్రం డబ్బు సాయం చేసే ప్రధానమంత్రి మాతృ వందన యోజనలో పేరున్నవాళ్లకి గర్భస్రావమో స్టిల్‌బర్తో అయితే తర్వాతి గర్భానికి మళ్లీ కొత్త లబ్ధిదారుగానే చూస్తారు, పాత పేరు ఉందని వెనక్కి పంపితే ఈ మాట చెప్పండి. ఇక బెరీవ్‌మెంట్ లీవ్ అంటారా, ప్రైవేటు ఉద్యోగులందరికీ వర్తించే చట్టం ఇండియాలో లేదు, కంపెనీ పాలసీలో ఉంటే ఉన్నట్టు. ప్రైవేటులో పెటర్నిటీ లీవూ అంతే.

బ్రిటన్ ఈ విషయంలో కాస్త నయం. 2020 ఏప్రిల్ 6 నుంచి, 18 ఏళ్ల లోపు బిడ్డ పోయినా, 24 వారాల తర్వాత స్టిల్‌బర్త్ అయినా తల్లికీ తండ్రికీ చెరి రెండు వారాల లీవ్, ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నుంచే హక్కు. డబ్బు రావాలంటే మాత్రం 26 వారాల సర్వీసూ కనీస సంపాదనా ఉండాలి. రెండు వారాలూ ఒకేసారి తీసుకోవచ్చు, లేదా విడివిడిగా ఒక్కో వారం, బిడ్డ పోయిన 56 వారాల లోపు ఎప్పుడైనా. 52 కాకుండా 56 పెట్టడంతో సంవత్సరీకం కూడా ఆ లోపలికి వస్తుంది, ఒక వారం దానికోసం అట్టేపెట్టుకున్నవాళ్లని చాలామందిని చూశా. మొదటి 56 రోజుల్లో అయితే ముందుగా నోటీసు ఇవ్వక్కర్లేదు, ఆ పూట డ్యూటీ మొదలయ్యే లోపు చెప్తే చాలు. ఇది కాక, 24 వారాల తర్వాత స్టిల్‌బర్త్ అయినా, బిడ్డ పుట్టి పోయినా తల్లికి 52 వారాల మెటర్నిటీ లీవ్ పూర్తిగా ఉంటుంది, అర్హత ఉంటే 39 వారాల పే కూడా. చైల్డ్ బెనిఫిట్ బిడ్డ పోయాక 8 వారాల దాకా వస్తుంది, కానీ మీరు చెప్పాలి.

కెనడాలో మూడు జేబుల తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 20 వారాలు దాటిన గర్భం అయితే తల్లికి 15 వారాల మెటర్నిటీ బెనిఫిట్ అలాగే ఉంటుంది, పేరెంటల్ బెనిఫిట్ మాత్రం బిడ్డ పోయిన వారంతో ఆగిపోతుంది. 20 వారాల లోపు అయితే సిక్‌నెస్ బెనిఫిట్ కింద అడగాలి, అది గరిష్ఠంగా 26 వారాలు. బ్యాంకులూ టెలికాం లాంటి ఫెడరల్ పరిధి ఉద్యోగాల్లో 2025 డిసెంబర్ 12 నుంచి బిడ్డ పోతే 8 వారాల దాకా లీవ్, స్టిల్‌బర్త్‌కీ 8 వారాలు, అందులో జీతం వచ్చేది తక్కువే. మిగతావాళ్లకి ఏ ప్రావిన్స్ రూలు ఆ ప్రావిన్స్‌దే.

అమెరికాలో ప్రైవేటు ఉద్యోగులకి ఫెడరల్ బెరీవ్‌మెంట్ లీవ్ లేనే లేదు. ఎఫ్ఎంఎల్ఏ (కుటుంబ, వైద్య కారణాల లీవు చట్టం) కింద 12 వారాలు జీతం లేని లీవ్ ఉంటుంది గానీ, బిడ్డతో గడపడానికి అన్న కారణం బిడ్డ పోతే చెల్లదు, తల్లి తన సొంత ఆరోగ్యం అనే కారణం మీద అడగాలి. అదే లీవు, అవే వారాలు, టిక్ పెట్టే గడి మారుతుంది అంతే, తప్పు గడిలో టిక్ పెడితే రిజెక్ట్ అవుతుంది. డాక్టర్ ఫారం తల్లి పేరు మీద నింపించండి. ఇల్లినాయిలో 10 పనిదినాలు, కాలిఫోర్నియాలో 5 రోజులు అని రాష్ట్ర చట్టాలున్నాయి, గర్భస్రావానికి కూడా వర్తించేవి ఉన్నాయి. ఇంకొకటి ఎవరూ చెప్పరు: ఒక్క క్షణమైనా బతికి పుట్టిన బిడ్డని ఆ సంవత్సరం ట్యాక్స్ రిటర్నులో డిపెండెంట్‌గా చూపించుకోవచ్చు, స్టిల్‌బర్త్ అయితే కుదరదు.

ఆస్ట్రేలియాలో స్టిల్‌బర్త్ అయినా, పుట్టిన 24 నెలల లోపు బిడ్డ పోయినా, 12 నెలల దాకా అన్‌పెయిడ్ పేరెంటల్ లీవ్ హక్కు అలాగే ఉంటుంది, వెనక్కి రమ్మని కంపెనీ పిలవకూడదు. కంపెనీ తన డబ్బుతో ఇచ్చే పెయిడ్ పేరెంటల్ లీవుని బిడ్డ పోయిందని రద్దు చేయడం కుదరకుండా 2025లో ఇంకో చట్టం తెచ్చారు, అది ప్రియ అనే పసిపాప పేరు మీద ఉంది. యూఏఈలో ఆరు నెలలు దాటిన ప్రసవం అయితే బిడ్డ దక్కకపోయినా 60 రోజుల మెటర్నిటీ లీవ్, 45 రోజులు పూర్తి జీతం, 15 రోజులు సగం. బిడ్డ చనిపోతే తండ్రికైనా తల్లికైనా బెరీవ్‌మెంట్ లీవ్ 3 రోజులు. డెన్మార్క్‌లో 18 ఏళ్ల లోపు బిడ్డ పోతే తల్లికీ తండ్రికీ చెరి 26 వారాలు. మూడు రోజులకీ ఇరవయ్యారు వారాలకీ ఎంత దూరమో చూడండి.

ఆఫీసుకి ఏం రాయాలి

ఫోన్ వద్దు, మెయిల్. ఫోనులో గొంతు పూడుకుపోతుంది, అవతలివాళ్లకి జాలేస్తుంది, జాలిలో ఏదో ఒకటి చెప్పేస్తారు, రేపు అది ఎవరికీ గుర్తుండదు. మెయిల్ మేనేజర్‌కి, హెచ్ఆర్‌కి ఇద్దరికీ ఒకేసారి వెళ్లాలి. మొదటి మెయిల్‌లో లీవ్ ఎన్ని రోజులో రాయకండి, ఎందుకంటే మీకింకా తెలీదు. నేను చెల్లి తరఫున రెండోసారి రాసింది దాదాపు ఇది, మీ ఆఫీసు భాషలో పెట్టుకోండి:

"నేను ఫలానా ఉద్యోగి అక్కని, తన అనుమతితో రాస్తున్నాను. ఫలానా తారీఖున తనకి 34 వారాల గర్భంతో ప్రసవం జరిగింది, బిడ్డ దక్కలేదు. తను ప్రస్తుతం మాట్లాడే స్థితిలో లేదు, లీవ్ విషయాలన్నీ నాకు మెయిల్‌లోనే తెలియజేయండి. తనకి వర్తించే మెటర్నిటీ లీవ్, బెరీవ్‌మెంట్ లీవ్, సిక్ లీవ్ ఒక్కోటి ఎన్ని రోజులో, ఏ నియమం ప్రకారమో రాతపూర్వకంగా చెప్పండి. అప్పటిదాకా తన సొంత లీవులు వాడొద్దు. బిడ్డకి సంబంధించి సిస్టమ్ నుంచి వెళ్లే ఆటోమేటిక్ మెసేజ్‌లు ఈరోజే ఆపించండి. టీమ్‌లో వాళ్లకి విషయం మీరే చెప్పండి, ఫోన్లు మాత్రం చేయొద్దని చెప్పండి."

ఇందులో పనిచేసిన మాట ఏ నియమం ప్రకారమో అన్నది. మొదట మూడు రోజులే అన్నవాళ్లు నియమం నంబరు రాయాల్సి వచ్చేసరికి వెతికారు, వెతికితే దొరికింది, రెండో రోజు సారీ చెప్తూ మొత్తం లీవ్ ఇచ్చారు, కోసిన ఎర్న్‌డ్ లీవులు వెనక్కి వేశారు. గొడవ పడలేదు, గొంతు పెంచలేదు. ఈ ప్రశ్నకి వారంలో జవాబు రాకపోతే అదే మెయిల్ మళ్లీ పైవాళ్లని కలిపి పంపండి, అప్పటికీ కదలకపోతే కార్మిక శాఖకి ఫిర్యాదు చేసే దారి ఎక్కడైనా ఉంటుంది. అక్కడిదాకా వెళ్లేవి చాలా తక్కువ, ఎక్కువ కేసుల్లో చెడ్డతనం ఉండదు, తెలియనితనం ఉంటుంది.

అనుమతితో రాస్తున్నాను అన్న లైనుకి బలం కావాలంటే చెల్లి మెయిల్ నుంచే ఒక్క వాక్యం పంపించండి, నా తరఫున మా అక్క మాట్లాడుతుంది అని. లేకపోతే ప్రైవసీ అని చెప్పి మీతో మాట్లాడరు, అది వాళ్ల తప్పు కూడా కాదు.

నాన్నల సంగతి

మా మరిది నాలుగో రోజు ఆఫీసుకి వెళ్లాడు. ఎందుకు వెళ్లావు అంటే ఏం చెప్పి లీవ్ అడగాలో తెలీలేదు వదినా అన్నాడు. ఒంటికి ఏమీ కాలేదు కాబట్టి సిక్ లీవ్ అడగడానికి మొహమాటం, బిడ్డ లేదు కాబట్టి పెటర్నిటీ అడగడానికి మొహమాటం. బ్రిటన్‌లో 24 వారాల తర్వాత స్టిల్‌బర్త్ అయినా పెటర్నిటీ లీవ్ ఉంటుంది, దానికి అదనంగా ఆ రెండు వారాలు. మీ ఆఫీసు పాలసీలో పెటర్నిటీ లీవ్ దేనికి ముడిపెట్టారో చదవండి, భార్య ప్రసవానికి అని ఉంటే అడగొచ్చు, బిడ్డ సంరక్షణకి అని ఉంటే వాదన కష్టం. నిద్ర పట్టకపోవడం, గుండె దడ, తిండి సహించకపోవడం ఇవి డాక్టరు రాయగలిగిన జబ్బులే, సిక్ లీవ్ తీసుకోవడం మోసం కాదు. వాళ్లావిడని హాస్పిటల్‌కి తిప్పే మనిషి కూడా అతనే కదా, ఫ్యామిలీ కేర్ లీవ్ లాంటిది పాలసీలో ఉంటే అది కూడా చూడండి.

పెద్ద పిల్లలు పోతే

అయిదేళ్ల పిల్లాడు, పదిహేనేళ్ల పిల్ల, అలాంటప్పుడు మొదటి రెండు జేబులూ ఉండవు, మూడో జేబూ సిక్ లీవూ మాత్రమే మిగులుతాయి. చట్టం ఇచ్చేది అయిపోయాక మిగిలేది అడిగి తీసుకునేది: జీతం లేని లీవ్, సగం పూట పని, కొన్నాళ్లు ఇంటి నుంచి పని. యాక్సిడెంటో నేరమో అయితే పోలీసు, పోస్ట్‌మార్టం, కోర్టు తేదీలు నెలల తరబడి వస్తూనే ఉంటాయి, కాబట్టి లీవ్ అంతా మొదటి నెలలోనే ఖర్చు పెట్టేయకుండా కొన్ని రోజులు వెనక పెట్టుకోండి. ఆ సమన్లు వచ్చిన రోజులకి కోర్టు కాగితం చూపిస్తే విడిగా లీవ్ ఇచ్చే పాలసీలు ఉంటాయి, అడగండి.

డబ్బు దగ్గర రెండు మాటలు

బిడ్డ పేరు మీద నెలనెలా వచ్చే ప్రభుత్వ డబ్బు ఏదైనా ఉంటే త్వరగా చెప్పేయండి. చెప్పకపోతే వస్తూనే ఉంటుంది, ఆరు నెలల తర్వాత అదనంగా ఇచ్చాం వెనక్కి కట్టండి అని ఉత్తరం వస్తుంది, ఆ ఉత్తరం మీద బిడ్డ పేరు ఉంటుంది. ఎన్ఐసీయూ (పసిపిల్లల ఐసీయూ) బిల్లులు, డెలివరీ బిల్లులు బిడ్డ లేకపోయినా క్లెయిమ్ చేసేవే, వాటి గడువులు మన కోసం ఆగవు, ఒరిజినల్స్ అన్నీ ఒక కవర్లో వేసి ఫొటోలు తీసి పెట్టుకోండి. పీఎఫ్‌లోనో పాలసీలోనో ఆ బిడ్డని నామినీగా పెట్టుంటే మార్చాలి, కానీ అది ఈ నెల పని కాదు.

వెనక్కి వెళ్లే రోజు

ఒక విషయం ముందే తెలిస్తే మంచిది, ఎందుకంటే మాకు ఎవరూ చెప్పలేదు. నెలలు నిండే దగ్గర బిడ్డ పోతే రెండు మూడు రోజులకి తల్లికి పాలు పడతాయి. ఒంటికి తెలీదు కదా. చెల్లి జాకెట్టు తడిసిపోయి బాత్రూంలో నిలబడి అక్కా ఇదేంటే అంది, నా దగ్గర జవాబు లేదు. పాలు ఆపడానికి మందులున్నాయి, డాక్టర్ని డిశ్చార్జ్ రోజునే అడగండి. లీవ్ గురించి వాదించేటప్పుడు కూడా ఇది గుర్తుంచుకోండి, మూడు రోజుల్లో రమ్మన్నారంటే సరిగ్గా ఈ రోజుల్లో రమ్మన్నట్టు.

తిరిగి వెళ్లేది సోమవారం కాకుండా గురువారం పెట్టుకోండి, రెండు రోజులు వెళ్తే వీకెండ్ వచ్చేస్తుంది. మొదటి రెండు మూడు వారాలు సగం పూట అడగండి, చాలా చోట్ల ఇస్తారు, అడగాలి అంతే. ముందు రోజు ఒక కొలీగ్‌ని డెస్కు చూసి రమ్మనండి, శ్రీమంతం అప్పుడు టీమ్ వాళ్లు కట్టిన రిబ్బన్లో, స్కాన్ ఫొటోనో ఇంకా అక్కడే ఉండొచ్చు. ఎలా ఉన్నావు అని అందరూ వరసగా అడగడం కావాలా వద్దా అనేది ముందే మేనేజర్‌కి చెప్పేయండి, చెల్లి వద్దంది, మరిది ఎవరూ ఒక్క మాట అడగలేదే అని బాధపడ్డాడు, ఒకే ఇంట్లో ఇద్దరు. డ్యూ డేట్ ఎప్పుడో ఆ రోజుకీ, ఏడాది తిరిగే రోజుకీ లీవ్ ఇప్పుడే క్యాలెండర్‌లో పెట్టేయండి, కారణం రాయక్కర్లేదు. ఫోనులో ప్రెగ్నెన్సీ యాప్ తీసేస్తే సరిపోదు, లోపలికెళ్లి గర్భం ముగిసింది అనే ఆప్షన్ పెట్టి అప్పుడు తీసేయండి, లేకపోతే మెయిళ్లు వస్తూనే ఉంటాయి.

కాగితాల కవరు మాత్రం పారేయొద్దు, మళ్లీ ఎప్పుడైనా అవసరం పడుతుంది. రెండేళ్ల తర్వాత చెల్లి మళ్లీ మెటర్నిటీ ఫారం నింపాల్సి వచ్చినప్పుడు అందులో రెండు గడులు పక్కపక్కనే ఉన్నాయి, ఇది ఎన్నో కాన్పు అని ఒకటి, బతికున్న పిల్లలు ఎంతమంది అని ఒకటి. క్లర్కు రెండిట్లోనూ ఒకే లెక్క రాయమన్నాడట. రెండూ వేరు, లీవ్ ఎన్ని వారాలు అనేది రెండో గడిని బట్టే వస్తుంది. చెల్లి మొదటి దాంట్లో రెండు అని రాసింది, రెండో దాంట్లో సున్నా అని రాసి, కవర్లోంచి ఆ పాత డిశ్చార్జ్ సమ్మరీ జిరాక్స్ తీసి జతచేసింది.